ఫిల్ము పీకనివ్వం

మూడో అర అద్దాలకు అంటించిన ఫిల్మును వచ్చే వారం గీకి పారేస్తారన్న కబురు టీ వేళకల్లా తోటంతా పాకింది. ఆ మాట చెప్పింది సూపర్‌వైజరే. చెబుతున్నంతసేపూ అతను చేతిలోని టీ గ్లాసు వైపే చూశాడు తప్ప ఎదురుగా కూర్చున్న ఆడవాళ్లలో ఎవరి మొహమూ చూడలేదు. మరీ ముఖ్యంగా తన అక్క మొహం.

అక్కను తోటలో అందరూ కత్తెరక్క అంటారు. మొక్కల పక్క కొమ్మలు కత్తిరించే చిన్న కత్తెర ఎప్పుడూ ఆవిడ నడుముకు వేలాడుతూ ఉంటుంది. ఆవిడ నాలుక కూడా కత్తెరేనని గిట్టనివాళ్లు అంటారు. ఆ మాట చెవిన పడితే, తుప్పు పట్టనంతవరకూ ఫరవాలేదులే అని నవ్వేస్తుంది. కాయ కోసే ఆడవాళ్ల జట్టుకు ఆవిడే పెద్ద. తమ్ముడు సూపర్‌వైజరు కాకముందు నుంచీ ఆవిడ అక్కడ పని చేస్తోంది. అతనికి ఆ తోటలో మొదటి పని ఇప్పించిందీ ఆవిడే.

అది అద్దాల తోట. పక్కపక్కనే నాలుగు పొడవాటి అరలు, గోడలూ కప్పూ అన్నీ అద్దమే. లోపల క్యాప్సికం మొక్కలు పైన కట్టిన తీగకు వేలాడే తాళ్లను పట్టుకుని మనిషికి రెండింతలు ఎత్తు పెరుగుతాయి. పైకొసల్లో పని చెయ్యాలంటే వరుసల మధ్య పట్టాల మీద కదిలే బండి ఎక్కి మీట నొక్కాలి. బండి మీది పలక మనిషిని పైకి లేపుతుంది. ఒక గోడకు తడి మెత్తలు, ఎదురు గోడకు పెద్ద ఫ్యాన్లు ఉన్నాయి. వాటి చల్లదనమంతా కింద ఆకులకే. వేడి మాత్రం పైకి పోయి కప్పు కింద గూడు కట్టుకుంటుంది. బండి ఎక్కిన మనిషి తల సరిగ్గా ఆ గూట్లోనే ఉంటుంది.

ఏడాది కిందట విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధకురాలు వచ్చి మూడో అర అద్దాలకు లోపలివైపు పల్చటి ఫిల్ము అంటించింది. ఎండలో మొక్కకు అక్కర్లేని వేడిని అది ఆపుతుందని, కావలసిన వెలుగును మాత్రం రానిస్తుందని, ఫ్యాన్లకూ నీళ్ల మోటార్లకూ అయ్యే కరెంటు మిగులుతుందని చెప్పింది. ఆ పిల్లను అందరూ ఫిల్మమ్మాయి అనడం మొదలుపెట్టారు. ఆమె ఆ పిలుపుకే పలికేది.

కరెంటు నిజంగానే తగ్గింది. కానీ ఫిల్ము వేడితోపాటు వెలుగునూ కొంత మింగేసింది. మొక్కలు వెలుగును వెతుక్కుంటూ సన్నగా, పొడుగ్గా సాగాయి. ఆకులు చేటలంత అయ్యాయి, పూత నిలవలేదు. కాసిన కాయ నున్నగా, ఎండమచ్చ లేకుండా ఉంది గానీ కాయడమే తక్కువ. పక్క అరలో నాలుగు బుట్టలు దిగేచోట ఇక్కడ మూడే దిగాయి. ఫిల్మమ్మాయి ఏదీ దాచలేదు. ఈ పంటకు ఈ ఫిల్ము కలిసిరాలేదని తానే యజమానురాలికి చెప్పింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుందని యజమానురాలు అందట. కాయ తగ్గితే కొనుగోలుదారులు ఊరుకోరు. అందుకే పీకేయమంది.

ఇదంతా కరెంటు సంగతి, కాయల సంగతి. మూడో అరలో పని చేసే మనుషులకు ఏమైందో ఎవరూ అడగలేదు. అక్కడ మధ్యాహ్నం బండి మీద నిలబడ్డా కళ్లకు చీకట్లు కమ్మేవి కావు. మిగతా మూడు అరల్లో గంటకోసారి దిగి తల మీద నీళ్లు పోసుకునే ఆడవాళ్లు, ఆ అరలో అయితే కబుర్లు చెప్పుకుంటూ పని చేసేవాళ్లు. మూడో అర వంతు ఎవరికి వస్తే వాళ్లను మిగతావాళ్లు పెళ్లికూతురా అని ఏడిపించేవాళ్లు.

కిందటి ఎండాకాలం రెండో అరలో ఒక మనిషి పైనుంచి పడింది. ఆమె ఎవరో కాదు, సూపర్‌వైజరు భార్య, కత్తెరక్కకు మరదలు. మిట్టమధ్యాహ్నం పైన తాళ్లు సర్దుతూ సర్దుతూ, మాటైనా లేకుండా పక్కకు ఒరిగి కింద పడింది. మొక్కల మీద పడబట్టి భుజం ఎముక ఒక్కటే విరిగింది. ఖాళీ కడుపుతో పనికి వచ్చి కళ్లు తిరిగి పడిపోయిందని సూపర్‌వైజరు యజమానురాలికి చెప్పాడు. అందరూ అదే నమ్మారు. మరదలు ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. భుజం అతుక్కున్నాక మళ్లీ పనికి వచ్చింది.

ఫిల్ము పీకేస్తారన్న కబురు విన్న రోజు టీ అయ్యాక ఆడవాళ్లు చాలాసేపు లేవలేదు. చివరికి కత్తెరక్క గ్లాసు కడిగి బోర్లించి, తిన్నగా యజమానురాలి గదికి వెళ్లింది.

యజమానురాలు కఠినురాలేమీ కాదు. కుర్చీ చూపించింది, చెప్పినదంతా విన్నది. విన్నాక తన కష్టం చెప్పుకుంది. పక్క తోటలవాళ్లు ధర తగ్గించి అమ్ముతున్నారు. తాను ఒప్పుకున్నన్ని పెట్టెలు పంపకపోతే కొనేవాళ్లు వాళ్ల దగ్గరికి పోతారు. ఎండాకాలం ఎండ ఎక్కడైనా ఎండే. కావాలంటే మంచినీళ్ల డబ్బా ఇంకొకటి పెట్టిస్తుంది, తలకు చుట్టుకునే తువ్వాళ్లు ఇప్పిస్తుంది. ఇంతా చెప్పి, "నువ్వే చెప్పు, నేను నడపాల్సింది తోటా, నీడపందిరా?" అని అడిగింది.

"రెండూ అవసరమే మేడమ్," అంది కత్తెరక్క. "కాయ తక్కువైతే మీకు నష్టం. ఒప్పుకుంటాను. మేం పడిపోతే ఎవరికి నష్టమో మీరు చెప్పండి."

యజమానురాలు నవ్వి ఊరుకుంది. ఆ నవ్వుకు కోపం రావలసింది, కానీ కత్తెరక్కకు వచ్చింది పట్టుదల. మెట్లు దిగుతూ, ఎద్దు పుండు కాకికి నొప్పా అని పైకే అనుకుంది. మెట్ల కింద నిలబడ్డ తమ్ముడు విని తల తిప్పుకున్నాడు.

సాయంత్రం అతను అక్క ఇంటికి వచ్చాడు. రెండిళ్లూ ఒకే సందులో ఎదురెదురుగా ఉంటాయి. అతని వెనకే భార్యా వచ్చింది. కత్తెరక్క ముందు కత్తిపీట ఉంది. మరదలు ఆ కత్తిపీట తన ముందుకు లాక్కుని కూరగాయలు తరగడం మొదలుపెట్టింది.

తమ్ముడు చాలాసేపు బతిమాలాడు. తన పరిస్థితి ముందు నుయ్యి వెనక గొయ్యిలా ఉందన్నాడు. ఫిల్ము తీయించడం తన పనే, తీయించలేకపోతే పోయేది తన ఉద్యోగమే అన్నాడు. చిన్నప్పుడు అక్క తన కోసం ఎన్ని దెబ్బలు కాసుకుందో గుర్తు చేశాడు. ఇప్పుడు ఈ ఒక్కటీ కాయమన్నాడు.

"అప్పుడు నీ మీద పడే దెబ్బ నేను కాసుకున్నానురా," అంది కత్తెరక్క. "ఇప్పుడు పదిమంది మీద పడే దెబ్బకు నన్ను పక్కకు తప్పుకోమంటున్నావు. రెండూ ఒకటేనా?"

అతను భార్య వైపు చూశాడు. నువ్వైనా చెప్పు అన్నట్టు. ఆమె తరుగుతున్న కూర నుంచి తల ఎత్తలేదు. ఇద్దరూ వెళ్లిపోయాక కత్తెరక్క చూస్తే ముక్కలన్నీ చిన్నా పెద్దా, ఒక తీరు లేకుండా ఉన్నాయి. పొందికకు పేరుపడ్డ మరదలు. ఏదో లోపల కుతకుతలాడుతోందని అప్పుడే అర్థమైంది ఆవిడకు.

సోమవారం గీకుడు మనుషులు నలుగురు వచ్చారు. చేతుల్లో పొడుగాటి కర్రలకు బిగించిన బ్లేళ్లు, జిగురు కరిగించే మందు డబ్బాలు. లోపలివైపు అంటించిన ఫిల్ము కదా, కప్పు అందుకోవాలంటే బండ్లు ఎక్కాలి. తోటలో పనికొచ్చే బండ్లన్నీ అప్పటికే మూడో అరలో ఉన్నాయి. ప్రతి బండి మీదా ఒక ఆడమనిషి నిలబడి పక్క కొమ్మలు తీస్తూనో, తాళ్లు సర్దుతూనో ఉంది.

గీకుడు మనుషుల మేస్త్రి మర్యాదగానే బండి అడిగాడు. మొదటి బండి మీదున్నామె, వరుస అయిపోగానే ఇస్తానంది. వరుస అయిపోయింది. ఆమె పక్క వరుసలోకి మళ్లింది. రెండో ఆమెను అడిగారు. తనదీ ఇంకాస్త ఉందంది. అరలో అంత శుభ్రంగా పని జరగడం ఆ మేస్త్రి ఎన్నడూ చూసి ఉండడు. ఎవరూ అరవలేదు, ఎవరూ అడ్డం నిలబడలేదు. పని మాత్రం ఆపలేదు. కాసేపటికి మేస్త్రి బుట్ట ఒకటి బోర్లించుకుని కూర్చుని బీడీ కోసం జేబు తడుముకున్నాడు. లోపల కాల్చకూడదని కత్తెరక్క పైనుంచే చెప్పింది.

సూపర్‌వైజరు వచ్చాడు. మొదటిసారి మెల్లగా, రెండోసారి గట్టిగా, అందరినీ దిగి రెండో అరలోకి నడవమన్నాడు. అక్కడ కాయ ముదిరిపోతోందన్నాడు. పొద్దున్నే రెండో అరలో కోసి వచ్చామని, ఎండ దిగాక మళ్లీ పోయి కోస్తామని, ఈలోపు తాము నిలబడేది ఇక్కడేనని కత్తెరక్క జవాబిచ్చింది. పని ఎగ్గొట్టడం లేదు కదా అంది.

అతని మొహం కందిపోయింది. జట్టంతా చూస్తుండగా అక్క తన మాట తీసిపారేసినట్టయింది. గీకుడు మనుషులు కూడా వింటున్నారు. అప్పుడతను ఆఖరి వరుసలో ఉన్న భార్య దగ్గరికి నడిచి, "నువ్వు దిగు," అన్నాడు.

ఆమె మీట నొక్కింది. పలక నెమ్మదిగా కిందికి వచ్చింది. వచ్చి, అతని మొహం ఎత్తుకు ఆగింది. ఆమె మాత్రం పలక మీదే నిలబడి ఉంది.

"దిగమంటున్నది నా మొగుడా, సూపర్‌వైజరా?" అని అడిగింది.

"ఎవరైతే ఏంటి?"

"మొగుడైతే ఒక మాట అడగాలి. ఆ రోజు నేను తినకుండా వచ్చానని చెప్పావు. పొద్దున వడ్డించింది నువ్వే. చాలంటే వినకుండా రెండోసారి వేసిందీ నువ్వే. నాకు మతిమరుపు లేదు. నీకుందా?"

పక్క వరుసల్లోని ఆడవాళ్లు కత్తెరలు దించి ఇటు తిరిగారు.

"భుజం విరిగినందుకు నాకు బాధ లేదు," అందామె. గొంతు పెంచలేదు. "తిండి మానేసి పనిలోకొచ్చే మతిలేని దానిలా నన్ను పదిమందిలో నిలబెట్టావు. అప్పుడు నోరు మూసుకున్నాను, నీ ఉద్యోగం పోతుందని. ఇప్పుడు సూపర్‌వైజరుకు చెబుతున్నాను. మళ్లీ ఆ అద్దాల కింద మధ్యాహ్నం బండి ఎక్కను. ఇంట్లో చెప్పినా ఎక్కను, ఇక్కడ చెప్పినా ఎక్కను."

మీట నొక్కింది. పలక ఆమెను మళ్లీ పైకి తీసుకుపోయింది.

సూపర్‌వైజరు ఏమనుకున్నాడో, మూల ఖాళీగా ఉన్న ఒకే ఒక్క బండిని, చక్రం కిరకిరలాడుతోందని పక్కన పెట్టిన దాన్ని, తోసుకుంటూ రెండో అరలోకి పోయాడు. ఇంత మాత్రానికి ఇంత రాద్ధాంతమా, నేను చేసి చూపిస్తానని గీకుడు మేస్త్రితో అన్నాడట. మూడో అర నుంచి అద్దంలోంచి అతను కనబడుతూనే ఉన్నాడు. పలక పూర్తిగా పైకి లేపాడు. తాళ్లు సర్దాడు. మొదట్లో చేతులు చురుగ్గానే ఆడాయి. చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కాసేపటికి ఒక చేత్తో తీగ పట్టుకుని రెండో చేత్తో పని చెయ్యడం మొదలుపెట్టాడు. ఆ తరవాత రెండు చేతులతోనూ తీగే పట్టుకున్నాడు.

ముందుగా పరుగెత్తింది కత్తెరక్క. కింది మీట నొక్కి పలక దింపింది. దిగినవాడు నేల మీద కూలబడ్డాడు. నోట మాట లేదు, చెమట కూడా ఆగిపోయి ఒళ్లు పొయ్యిలా కాలుతోంది. ఇద్దరు ఆడవాళ్లు చెరో చెయ్యీ పట్టి మూడో అరలోకి తెచ్చి పడుకోబెట్టారు. మరదలు నీళ్లు తడిపిన తువ్వాలు తెచ్చి మొగుడి మెడకింద పెట్టింది. తాగడానికి కొద్దికొద్దిగా పోసింది. చూశావా అని ఒక్క మాట అనలేదు. కళ్లు మాత్రం తుడుచుకుంది.

గీకుడు మేస్త్రి తన మనుషులకు సైగ చేశాడు. కర్రలూ డబ్బాలూ సర్దుకుని బయటికి నడిచారు. గేటు దగ్గర కాపలావాడితో, ఇలాంటి చోట గీకడం తన వల్ల కాదని, తన ఇంట్లోనూ ఆడవాళ్లున్నారని అన్నాడట.

అంతటితో అయిపోలేదు. యజమానురాలు మొండిది. బయటి నుంచి కూలీలను పిలిపించింది. వాళ్లు పొద్దున ఉత్సాహంగా నాలుగో అరలోకి దిగారు, మధ్యాహ్నం తిండికని బయటికి పోయినవాళ్లు మళ్లీ రాలేదు. కత్తెరక్క జట్టు మాత్రం తెల్లారగానే వచ్చి ఎండ ఎక్కేదాకా మూడు అరల్లోనూ కోసి, ఎండ వేళకు మూడో అరలోకి చేరి, పొద్దు వాలాక మళ్లీ కోతకు దిగేది. ఎంత చేసినా కొంత కాయ చెట్టునే మెత్తబడింది. బుట్టల్లో మెత్తటి కాయలు చూసినప్పుడల్లా కత్తెరక్కకే ప్రాణం ఉసూరుమనేది. చేతులారా పెంచిన పంట. అయినా ఎండ వేళ జట్టును ఆ అరల్లోకి పంపలేదు.

ఈ మధ్యలో ఫిల్మమ్మాయి వచ్చింది. కత్తెరక్క చెప్పిన సంగతంతా విన్నది. వేడి కొలిచే తన పరికరాలన్నీ ఆకుల ఎత్తులో వేలాడుతున్నాయని, మనిషి తల ఎత్తులో ఒక్కటీ లేదని చెప్పింది. "మాకది తట్టలేదక్కా," అంది. ఆ రోజే రెండో అరలోనూ మూడో అరలోనూ కప్పు కింద ఒక్కో పరికరం వేలాడదీసింది. అది మన విషయం కాదని ఫోనులో వాళ్ల ప్రొఫెసరు అన్నాడని, అయినా రాస్తానని చెప్పి పోయింది. కొలతలు పట్టుకుని యజమానురాలి దగ్గరికి కూడా వెళ్లింది. యజమానురాలు చూసింది గానీ పెద్దగా కదలలేదు. ఆమెను కదిలించింది మెత్తబడ్డ కాయే. కత్తెరక్క ఆ సంగతి ఎవరికీ మెరుగులు పెట్టి చెప్పలేదు.

ఒక పొద్దున కత్తెరక్కను గదికి పిలిచారు. ఈసారి ఆవిడ ఒక్కతే వెళ్లలేదు, మరదల్ని వెంటబెట్టుకుని వెళ్లింది. గంటకు పైనే మాటలు నడిచాయి. మూడో అర ఫిల్ము ఉంటుంది. అందులో ఇక క్యాప్సికం పెట్టరు. తక్కువ వెలుగుకు ఓర్చుకునే ఆకుకూరలు వేసి చూద్దామని ఫిల్మమ్మాయి చెప్పింది. మిగతా అరల్లో ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఎవరూ బండి ఎక్కరు, పని వేళలు మారతాయి. ఎండలు మరీ మండే వారాల్లో ఎండ ఆపడానికి అద్దాల మీద సున్నం చల్లిస్తారు. కాయ కొంత తగ్గినా సరే.

ఇవన్నీ ఒప్పుకుని యజమానురాలు ఒక్క షరతు పెట్టింది. జట్టుకు పెద్దగా కత్తెరక్క ఉండకూడదు. ఎవరో ఒకరు మాట పడాలి కదా.

"జట్టు పెద్ద అన్న పేరు మీరిచ్చిందే మేడమ్, మీరే తీసుకోండి," అంది కత్తెరక్క. "జట్టు మాత్రం మీరిచ్చింది కాదు."

జట్టు పెద్ద పని మరదలికి వచ్చింది. మొదట వద్దంది. వదిన కళ్లెర్రజేస్తే ఒప్పుకుంది. సూపర్‌వైజరును మాత్రం యజమానురాలు క్షమించలేదు. సొంత ఇంటినే అదుపులో పెట్టుకోలేనివాడు తోటనేం పెట్టుకుంటాడని, పెట్టెలు మోసే వ్యాను తోలే పనికి మార్చింది. అతను అక్కతో చాలాకాలం మాట్లాడలేదు. సందులో ఎదురుపడితే గోడ వైపు తిరిగి నడిచేవాడు. కత్తెరక్కా పలకరించలేదు. తప్పు తనది కానప్పుడు ముందుగా తలవంచే అలవాటు ఆవిడకు లేదు. భార్యతో ఏం మాట్లాడుకున్నాడో గానీ, ఆమె భుజం నొప్పి చేసిన రోజున నీళ్ల బకెట్లు మోసుకుపోతూ కనిపించేవాడు. ఒక సెలవు రోజు వ్యాను కడుగుతూ కడుగుతూ, ఇంట్లోకి పోతున్న అక్కను, కత్తిపీట పదును పెట్టిస్తాను ఇటివ్వు అని అడిగాడు. ఆవిడ తెచ్చి ఇచ్చింది. వాళ్ల మధ్య క్షమాపణ లాంటిది జరిగిందంటే అదే.

మూడో అరలో ఆకుకూరలు కళకళలాడాయి. క్యాప్సికం లాంటి మొక్క ఇంకోటి లేదనే కత్తెరక్క మాత్రం, ఈ గడ్డిని కత్తిరించడానికి కత్తెర ఎందుకు, చెయ్యి చాలదా అని సణుగుతూనే పని చేసేది. మరుసటి ఏడు రెండో అరనూ ఆకుకూరలకే మార్చి దానికీ ఫిల్ము వేశారు. కరెంటు ఆదా కోసమే వేయించానని యజమానురాలు అందరితో చెప్పుకుంది. చెప్పుకోనీ అంది కత్తెరక్క. ఫిల్ము అంటించిన వారానికే, జట్టు పెద్దగా కాకుండా ఉత్త కూలీగా, గది తలుపు కొట్టి మొదటి అర సంగతేమిటని అడిగింది.

"ఇంకా ఎన్నాళ్లు అడుగుతావే?" అంది యజమానురాలు, ఈసారి నవ్వకుండా.

"ఎండాకాలం రావడం మానేదాకా అడుగుతాను మేడమ్," అని చెప్పి, కుర్చీ చూపించకముందే కూర్చుంది.